బాన్సువాడ బడిలో నేను పెట్టని సంతకం

కొత్తగా పెద్దపంతుళ్లయిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. రిజిస్టర్లు ఎట్లా ఉంచాలి, తనిఖీకి వచ్చిన అధికారితో ఎట్లా మాట్లాడాలి అని అడుగుతారు. అవన్నీ నెల తిరిగేలోగా వాళ్లకే వస్తాయి. నేను చెప్పవలసింది వేరే ఉంది. నోటితో చెప్పలేను కనుక రాస్తున్నాను.

ముందే ఒప్పుకుంటాను, నేను ధైర్యం ఉన్న మనిషిని కాను. నైజాం కాలంలో బాన్సువాడ వస్తానియాలో, అంటే ఏడో తరగతి దాకా ఉండే మాధ్యమిక పాఠశాలలో, తొమ్మిదేళ్లు పనిచేశాను. మొదట లెక్కల పంతులును, తర్వాత పెద్దపంతులును. ఆ తొమ్మిదేళ్లలో నిశ్చింతగా కూర్చుని అన్నం తిన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బడికి తాళం వేశానో లేదో అని సగం దారి నుంచి వెనక్కి పోయేవాణ్ణి. తాళం వేసే ఉండేది. మర్నాడు మళ్లీ పోయేవాణ్ణి. "మీకు ఫికర్ లేకపోతే బువ్వ అరుగదు" అనేది మా ఇంటావిడ.

అన్నీ నిజామాబాదుకే

నేను చేరినప్పుడు, ముప్పైల చివర, బడిలో ఏం చేయాలన్నా నిజామాబాదుకు రాయాలి. జిల్లా బడులన్నిటికీ పై అధికారి అక్కడ ఉండేవాడు. మొహతమీం సాబు అనేవాళ్లం. ఒక పిల్లవాణ్ణి మధ్యలో చేర్చుకోవాలన్నా, నాట్లకు రెండు రోజులు సెలవు ఇవ్వాలన్నా ఉర్దూలో అర్జీ రాసి మోటారు బస్సులో పంపి ఎదురు చూడడమే.

ఒకసారి అయిదో తరగతి గది గోడ నెర్రె విచ్చింది. వానలకు ముందే రాశాం. గోడ కూలిపోయింది. పిల్లలెవరికీ దెబ్బ తగలలేదు, శుక్రవారం, బడికి సెలవు కాబట్టి బతికిపోయాం. ఊరివాళ్లు జాలిపడి మట్టి తెచ్చి మళ్లీ కట్టారు, సున్నం కూడా కొట్టారు. ఆ తర్వాత జవాబు వచ్చింది. పగిలిన గోడకు కర్రలు ఆనించుకోవడానికి అనుమతి ఇచ్చినట్టు అందులో ఉంది. అప్పటి పెద్దపంతులు దాన్ని రెండుసార్లు చదివి భద్రంగా ఫైలులో పెట్టాడు. నవ్వలేదు.

మీరు నవ్వుతారు. నేనూ ఇప్పుడు నవ్వుతాను. కానీ నిజం చెప్పాలంటే ఆ పద్ధతి నాకు హాయిగా ఉండేది. తప్పు జరిగితే నిజామాబాదుది, ఒప్పు జరిగితే మనది. పిరికివాడికి ఇంతకన్నా మంచి ఏర్పాటు దొరకదు. ఈ మాట ఒప్పుకునే పంతుళ్లు తక్కువ గాని, చాలామందికి లోపల ఇదే ఉంటుంది.

అధికారం బస్సు దిగింది

యుద్ధం రోజుల్లో పెట్రోలుకు కరువు వచ్చింది. అధికారులు ఊళ్లు తిరగడం తగ్గించారు. నేను పెద్దపంతులునైన రెండో ఏడు మొహతమీం సాబు వచ్చాడు. సన్నటి మనిషి, నల్ల షేర్వాణీ, చంకలో గొడుగు. నా కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు, ఎదుటి బల్ల మీదనే కూర్చున్నాడు. ఆయన ఉర్దూలో చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది.

"మీ ఊళ్లో ఎప్పుడు నాట్లో నాకేం తెలుసు? ఏ పిల్లవాడు నిజంగా జబ్బు పడ్డాడో, ఎవడు పెళ్లిళ్లు తిరిగాడో నాకేం తెలుసు? మీకు తెలుసు. ఇకనుంచి మీరే చూసుకోండి."

చూసుకోవలసినవి ఏవో కాగితం మీద ఉన్నాయి. పంటను బట్టి సెలవులు, బయటి నుంచి వచ్చిన పిల్లవాణ్ణి ఏ తరగతిలో కూర్చోబెట్టాలన్నది, ఎవరి పేరు కొట్టేయాలి, ఎవరి పేరు నిలపాలి, ఏడో తరగతి చివర రాసే మిడిల్ పరీక్షకు ఎవరి దరఖాస్తు పంపాలి. సలహాకు ముగ్గురు ఊరి పెద్దలతో ఒక కమిటీ. కమిటీ చెప్పేది సలహా మాత్రమే, సంతకం నాది.

"ఏదైనా అనుమానం వస్తే తమకు రాయవచ్చా?" అని అడిగాను.

"అనుమానం వస్తే మౌల్వీ సాబును అడగండి. ఆయన మీ పక్క గదిలోనే ఉన్నాడు" అన్నాడు. మౌల్వీ సాబు మా ఉర్దూ పంతులు. వయసులో నాకన్నా పెద్ద, ఈ ఊరివాడే, తెలుగు మనలాగే మాట్లాడేవాడు.

మొదటి ఏడు గడిచింది. నిజాంసాగర్ కాలువ కింది పిల్లలకు నాట్లప్పుడు సెలవు కావాలి. బిచ్కుంద వైపు నుంచి వచ్చే నల్లరేగడి ఊళ్ల పిల్లలకు పత్తి ఏరేటప్పుడు కావాలి. సగం సగం చేసి ఇచ్చాను. సంతకం పెట్టిన రోజు నుంచి సెలవులు అయిపోయేదాకా ఆ కాగితం రోజూ తీసి చదువుకునేవాణ్ణి. ఎవరూ ఏమీ అనలేదు. బడికి వచ్చే పిల్లలు పెరిగారు కూడా.

ఒక సంగతి మాత్రం నేను ముందు ఊహించలేదు. అధికారం నిజామాబాదులో ఉన్నప్పుడు, ఏదైనా కావలసినవాడు బస్సెక్కి పోవాలి, అక్కడ కచేరీ బయట నిలబడాలి. సగంమంది ఆ బాధకే మానుకునేవాళ్లు. ఇప్పుడు అంగడికి వచ్చినవాడు ఉల్లిగడ్డలు కొనుక్కుని, అటే నా గడప ముందర చెప్పులు విడిచేవాడు. నాకు మనుషులు కనబడితేనే భయం వేసేది. ఇది ఏ ఉత్తర్వులోనూ రాయరు, మీరు తెలుసుకుని పోండి.

ఒకే వారం, రెండు పేర్లు

నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చాక గుంటూరు వైపు నుంచి రైతులు వచ్చి, భూములు కొని, కాలువ పక్కన గుడిసెలు వేసుకున్నారు. ఆ ఊళ్లను క్యాంపులు అనేవాళ్లు. మహమ్మద్ నగర్ దారిలో ఉన్న ఒక క్యాంపు నుంచి కోటయ్య అనే రైతు తన పెద్ద కొడుకు ఆంజనేయులును తెచ్చి మా బడిలో చేర్చాడు. వాడికి వాళ్ల ఊళ్లో తెలుగులో అయిదు దాకా చదువు అయింది. మా బడిలో పాఠాలన్నీ ఉర్దూలో. వాడు మీసాలు మొలవబోయే వయసులో చిన్నపిల్లల మధ్య కూర్చుని అలీఫ్ బే నుంచి మొదలుపెట్టాడు. మూడేళ్లలో ఏడో తరగతికి వచ్చాడు. "మా ఇండ్లల్ల పుట్టినోనికి సుత ఇసుంటి రాత లేదు" అని మౌల్వీ సాబు వాడి పలక నాకు తెచ్చి చూపించేవాడు. మిడిల్ పాసైతే తాలూకా కచేరీలో పని దొరికే రోజులవి. క్యాంపులో ఉర్దూ కాగితం చదివి చెప్పే మనిషి ఒక్కడూ లేడు. వాడి చదువు మీద ఆ క్యాంపు అంతా కళ్లు పెట్టుకుని ఉంది.

కాలువతోపాటే చలిజ్వరం కూడా వచ్చింది. ఆ శీతాకాలం ఆంజనేయులు పడిపోయాడు. నెల దాటింది. నెలకు మించి వరుసగా రాకపోతే పేరు ఖారిజ్, అంటే హాజరు పట్టీలోంచి కొట్టివేత. తగిన కారణం ఉంటే పెద్దపంతులు మళ్లీ ఎక్కించవచ్చు. పరీక్ష దరఖాస్తులకు ఇంకా మూడు వారాల గడువుంది.

కోటయ్య దవాఖాన చీటీ పట్టుకుని వచ్చాడు. కొడుకు వెనకాల నిలబడ్డాడు, చెంపలు లోపలికి పోయి ఉన్నాయి.

"మీరు దయ చూడాలండి మాస్టారూ. జ్వరంలో కూడా పుస్తకం వదల్లేదండి వీడు" అన్నాడు కోటయ్య.

"చూస్తాను" అన్నాను. ఆ పూటే సంతకం పెట్టవలసింది.

మర్నాడు లింగారెడ్డి పటేలు వచ్చాడు. పెద్ద కొడప్‌గల్ దగ్గరి ఊరాయన, కమిటీలో ముగ్గురిలో ఒకడు. ఆయన మేనల్లుడు కూడా ఏడో తరగతే. వాడికి జ్వరం లేదు, గిరం లేదు. పెళ్లిళ్లకూ జాతరలకూ తిరిగి నెల దాటించాడు. వాడి పేరూ కొట్టేశాను.

"ఏంది పంతులు, మా అల్లుని పేరు తీసేసినవంట?" అన్నాడు పటేలు, నవ్వుతూనే.

"నెల దాటింది పటేలా."

"పిల్లలన్నంక తిరుగుతరు. జర సూడు. గా గుంటూరోళ్ల పోరనిది సుత సూస్తున్నవంట గద."

నిన్న పొద్దున జరిగిన సంగతి ఈయనకు అప్పుడే ఎట్లా తెలిసింది?

ఆలోచిస్తే ఇందులో చిక్కు ఏమీ లేదు. ఒకడు జబ్బు పడ్డాడు, వాడి పేరు ఎక్కించాలి. ఒకడు తిరిగాడు, వాడి పేరు ఎక్కించకూడదు. మౌల్వీ సాబు అదే అన్నాడు: "రెండు పేర్లు, రెండు జవాబులు. రెండు నిమిషాల పని. దస్కత్ చేసెయ్యిండ్రి."

నా తలలో మాత్రం వేరే నడిచింది. ఒకడిని ఎక్కించి ఒకడిని ఆపితే, పంతులు గుంటూరోళ్ల మనిషి అంటాడు పటేలు. ఆయన ఒక మాట వేస్తే నన్ను ఏ ఆదిలాబాదు అడవులకో పంపుతారు. ఇంట్లో ఆవిడకు అప్పుడు ఏడో నెల. ఇద్దరినీ ఎక్కిస్తే పంతుళ్లంతా నవ్వుతారు, రేపు తనిఖీలో ఏం చెప్పాలి? రెండు రోజులు ఇట్లాగే తిరిగాను. మూడో రోజు నాకు ఒక ఉపాయం తోచింది. తోచినందుకు సంతోషించాను కూడా, అది తలచుకుంటేనే ఇప్పుడు సిగ్గు వేస్తుంది. రెండు పేర్లూ ఒకే కాగితం మీద రాసి, తగిన ఉత్తర్వులు కోరుతూ నిజామాబాదుకు పంపాను.

"గిది మీ ఇఖ్తియారే గద?" అన్నాడు మౌల్వీ సాబు.

"అధికారం నాదే. అయినా పెద్దల మాట ఒకటి ఉంటే మంచిది కదా" అన్నాను.

ఆయన తరగతికి పోయాడు. పటేలుకు "పైకి రాశాను" అని కబురు చేశాను. కోటయ్యకూ అదే చెప్పాను. ఆయన దండం పెట్టాడు. పైకి రాయడమంటే ఏదో పెద్ద ఉపకారం అనుకున్నాడు పాపం.

బస్సు వచ్చే వేళ

ఆ గడువు ముగిసేదాకా నేను పాఠం చెప్పిన గుర్తు లేదు. మధ్యాహ్నం బస్సు వచ్చేది. హారను వినబడగానే చేతిలో సుద్ద ఆగిపోయేది. చప్రాసీ మల్లయ్యను టపా కోసం పరుగెత్తించేవాణ్ణి. వాడు ఉత్త చేతులు ఊపుకుంటూ వచ్చేవాడు. "ఏం లేదు సాబ్" అని దూరం నుంచే కేకవేసేవాడు, నా ముఖం చూసి తర్వాత తర్వాత కేకవేయడం మానేశాడు.

ఆంజనేయులు రోజూ వచ్చేవాడు. పట్టీలో పేరు లేదు కనుక తరగతిలో కూర్చోనివ్వకూడదు. నేనే ఆ మాట చెప్పాను. వాడు బయట అరుగు మీద, కిటికీ పక్కన కూర్చుని రాసుకునేవాడు. రెండో రోజుకు మౌల్వీ సాబు నల్లబల్లను కిటికీ వైపు తిప్పించాడు. నేను వరండాలో పోతూ అది చూశాను, చూడనట్టు పోయాను.

అంగడి రోజుల్లో కోటయ్య వచ్చి అరుగు చివర కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. నేను తల అడ్డంగా ఊపితే లేచి పోయేవాడు. వాళ్ల పెరట్లో కాచిన సొరకాయ ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టాడొకసారి. మల్లయ్యతో వెనక్కి పంపేశాను. లంచం అంటారేమోనని భయం.

గడువు అయిదు రోజులుందనగా ఒక మధ్యాహ్నం గది తలుపు వేసుకుని, ఆంజనేయులు పేరు తిరిగి ఎక్కించడమైనది అని రాశాను. కలం సిరాలో ముంచాను. అప్పుడు ఇంకొక భయం పట్టుకుంది. పైకి రాసి, జవాబు రాకముందే నేనే చేస్తే? అది ధిక్కారం అవుతుంది కదా? పంపక ముందు ఏ అడ్డూ లేని సంతకానికి, పంపి నేనే అడ్డు తెచ్చిపెట్టుకున్నాను. కాగితం నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాను.

చివరి రోజు బస్సు ఆలస్యంగా వచ్చింది, టపా సంచీలో మాకు ఏమీ లేదు. మిగతా పిల్లల దరఖాస్తులు కట్ట కట్టి అదే బస్సులో పంపించాను. మౌల్వీ సాబు కట్టకు దారం చుడుతూ, "ఒకటి తక్కువున్నది" అన్నాడు. అంతే అన్నాడు.

కుడి నుంచి ఎడమకు

జవాబు నాలుగు రోజుల తర్వాత వచ్చింది. రెండు వాక్యాలు. ఈ విషయంలో ఇఖ్తియార్ పూర్తిగా మీది. నిర్ణయించకుండా ఇక్కడికి ఎందుకు పంపినట్టు?

నేను కాగితం చదివి బల్ల మీద పెట్టి తలెత్తేసరికి గుమ్మంలో కోటయ్య, కొడుకు. టపా వచ్చిందని మల్లయ్య చెప్పాడట.

"ఏమన్నారండీ?" అన్నాడు కోటయ్య.

ఆయనకు ఉర్దూ రాదు. నాకు అప్పుడు తట్టింది అదొక్కటే.

"పైవాళ్లు ఒప్పుకోలేదు" అన్నాను.

కోటయ్య నన్నే ఓదార్చాడు. "మీరేం చేస్తారు లెండి మాస్టారూ. మీ ప్రయత్నం మీరు చేశారు. మా రాత బాగాలేదు."

అప్పుడు నా చూపు పిల్లవాడి మీద పడింది. వాడు బల్లకు దగ్గరగా నిలబడి ఉన్నాడు. వాడి కళ్లు కాగితం మీద కుడి నుంచి ఎడమకు కదులుతున్నాయి. చివరికి పోయి, మళ్లీ మొదటికి వచ్చి ఇంకోసారి కదిలాయి. మా బడిలో మూడేళ్లు కూర్చోబెట్టి ఉర్దూ నేర్పించిన పిల్లవాడు నా ఎదుట ఉన్నాడని నేను మరిచిపోయాను. తండ్రి ముందర వాడు అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"పోదాం నాన్నా" అన్నాడు వాడు.

పటేలు తర్వాతి వారం కనబడ్డాడు. ఆయన నా జవాబు కోసం ఎదురుచూడనే లేదు. మేనల్లుణ్ణి నన్ను అడిగిన వారమే నిజామాబాదులో వాళ్ల చుట్టాలింట్లో పెట్టి అక్కడి బడిలో చేర్చాడట.

"నువ్వు కాదంటే అయిపోవు గద పంతులు. నేనేమన్న మీద పడతనా? అడిగేది అడిగిన. గా పోరడు జరమొచ్చి పన్నడు, ఆని పేరు ఎందుకు ఆపినవు?" అన్నాడు.

నేను ఎవరికి భయపడి ఒక పిల్లవాడి ఏడాది పోగొట్టానో ఆ మనిషే నన్ను ఆ ప్రశ్న అడిగాడు. పై అధికారులను, ఊరి పెద్దలను తిట్టుకునే పంతుళ్లను చాలామందిని చూశాను. తిట్టవలసినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ నా విషయంలో మొహతమీం సాబు, పటేలు ఇద్దరూ నన్ను ఏమీ చేయలేదు.

క్యాంపుకు పోయిన రోజు

వేసవి తర్వాత బడి తెరిచారు. ఆంజనేయులు మళ్లీ ఏడులో చేరతాడని చూశాను, రాలేదు. కోటయ్యకు నిజం చెప్పేయాలని రోజూ అనుకుంటూ, చెప్పే మాటలు మనసులో కూర్చుకుంటూ ఇంకో నెల గడిపాను. ఒక శుక్రవారం పొద్దున ఆవిడతో కూడా చెప్పకుండా బయలుదేరి క్యాంపుకు నడిచాను.

కోటయ్య పొలం గట్టు మీద ఉన్నాడు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి, గుడిసె ముందర మంచం వాల్చి, చెంబుతో మజ్జిగ ఇచ్చాడు. దూరంగా దమ్ములో ఆంజనేయులు అరక తోలుతున్నాడు. నన్ను చూశాడు. ఎడ్లను అటు తిప్పుకున్నాడు.

మజ్జిగ చెంబు అట్లాగే కింద పెట్టాను. కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "కోటయ్యా, ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. పైవాళ్లు కాదనలేదు. అధికారం నాదే. నేనే పెట్టలేదు సంతకం" అన్నాను.

ఆయన ముఖంలో ఆశ్చర్యం కనబడలేదు.

"తెలుసండి. ఆ రోజే, కాలువ దాటుతుంటే చెప్పాడు మావాడు."

"మరి ఇన్ని రోజులూ వచ్చి అడగలేదేం? నాలుగు తిట్టలేదేం?"

వాడిని మళ్లీ పంపు, ఈసారి నేనే దగ్గరుండి పరీక్షకు పంపిస్తానని బతిమాలాను. "వాడు రానంటున్నాడండి" అన్నాడు. తర్వాత గుడిసె వైపు తిరిగి ఎవరినో పిలిచాడు. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లవాడు వచ్చి ఆయన పంచె పట్టుకుని నిలబడ్డాడు.

"వీడు మా రెండోవాడండి" అన్నాడు. "వచ్చే ఏడు వీణ్ణి చేర్చాలి. మీ బడి తప్ప మాకింకో బడి లేదు గదండీ. మీతో తగువు పెట్టుకుని ఎట్లా?"

అంటూ ఆయన మంచం పట్టె మీద నుంచి లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో పట్టుకుని నా ముందర నిలబడ్డాడు, నా ముఖం చూడకుండా. నేను పటేలు ముందర నిలబడేది కూడా అట్లాగే. నన్ను చూసి భయపడే మనిషి ఉంటాడని ఆ రోజు దాకా నాకు తెలియదు.